సముద్రతీరమున ఛాయాచిత్రము: హక్కును, మర్యాదయు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ఇదివరకే చక్కగా ప్రసంగించియున్నారు. నాకు అరగంట కాలము ఇచ్చిరి. ఆ యరగంటలో సముద్రపుటొడ్డున ఫోటోలు తీయుటనుగూర్చి మాటలాడెదనని నేను తెలుపగా, కార్యదర్శిగారు క్షణకాలము నా ముఖము చూచి, "మాస్టారూ, ఇది మహాసభకు తగిన విషయమేనాండీ?" అని యడిగిరి. ముప్పదినాలుగేండ్లు బడిలో కాళిదాసును భవభూతిని పాఠము చెప్పినవాడు కెమేరాల ప్రస్తావన తెచ్చుట వారికి వింతగా దోచియుండును. ఇది మన సంఘమునకు మిక్కిలి దగ్గరి విషయమని ఉపన్యాసాంతమున మీకు దోచినయెడల నా శ్రమ ఫలించినట్లే.

జరిగిన సంగతి

ముందుగా నొక సంగతి చెప్పెదను. అందులో దోషి యెవరో మొదటనే చెప్పుట మేలు. ఆ దోషి నేనే.

క్రోధినామ సంవత్సర కార్తికమాసమున, అనగా 2024వ సంవత్సరము నవంబరు నెలలో నొక ఆదివారమునాడు, మా శాఖాసంఘమువారు బాపట్లకు దాపుననున్న సూర్యలంక తీరమున సముద్రస్నానమును వనభోజనమును ఏర్పాటు చేసిరి. మూడు బస్సులలో పోయితిమి. సూర్యోదయవేళ స్త్రీలు స్నానములు చేసి దీపములు వెలిగించిరి. పొద్దెక్కిన పిదప వంటవారు పులిహోర కలుపుచుండగా నేను ఇసుకలో కుర్చీ వేయించుకొని కూర్చుంటిని. నా మనుమరాలు, పదునాలుగేండ్ల పిల్ల, నీటియంచున గవ్వలేరుకొనుచుండెను. ఆమెకు కొంత దూరమున నొక యువకుడు పెద్ద కెమేరా కంటికానించి ఆ వైపే చూచుచుండుట నా కంటబడినది. నేను దిగ్గున లేచి, "ఎవడురా వాడు? మా పిల్లను ఫోటో తీస్తున్నాడు!" అని కేకవేసితిని.

కేక వేసినవాడను నేనొక్కడను; పరుగెత్తినవారు నలువదిమంది. ఒకరు ఆ యువకుని చొక్కా పట్టుకొనిరి. మరియొకరు కెమేరా లాగికొనిరి. ఆ లాగులాటలో అది రాతిమీద పడి దాని కటకము పగిలినది. ఇంకొకరు లోనున్న కార్డును ఊడదీసి సముద్రములోనికి విసరివైచిరి. ఆ యువకుడు చేతులు జోడించి, "ఒక్కసారి చూడండి బాబూ, చూసి మాట్లాడండి" అని పలుమారు వేడుకొనెను. చూచినవారెవ్వరును లేరు. నేనును చూడలేదు. పెద్దమనుషులు కొందరు నా భుజము తట్టి, "సంఘబలమంటే ఇదండీ" అనిరి. ఆ మాటకు నేను సంతోషించితిననియు మీతో దాచక చెప్పుచున్నాను.

సాయంకాలము బస్సులో నా మనుమరాలు నా చెవిదగ్గర మెల్లగా చెప్పినది: "తాతయ్యా, అతను నన్ను తీయలేదు. నా వెనకాల వల లాగేవాళ్లను తీస్తున్నాడు. నేనే అడ్డం వెళ్లాను. పక్కకు జరగమ్మా అని చెయ్యి కూడా ఊపాడు. అప్పుడే చెబుదామంటే ఎవరూ వినలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. బుధవారమునాడు ఒంటరిగా బస్సెక్కి మరల ఆ తీరమునకు పోయితిని. విచారింపగా ఆ యువకుడు ఆ ప్రాంతపు బెస్తవాని కుమారుడనియు, యాత్రికులకు ఫోటోలు తీసి అచ్చువేసియిచ్చి జీవించుచున్నాడనియు తెలిసినది. ఆనాడతడు తీయుచున్నది తన తండ్రియు, తండ్రితోటివారును అలివివల లాగుచుండగా. కెమేరా బాగుచేయించుటకైన సొమ్ము ఇచ్చెదనంటిని. అతడు తల వంచుకొని, "డబ్బు సంగతి తరవాత చూద్దాం మాస్టారూ. ఆ కార్డులో ముందురోజు తీసిన నిశ్చితార్థం ఫోటోలున్నాయి. వాళ్లకు నేనేం చెప్పను? ఆ ఘడియ మళ్లీ వస్తుందా? అడిగితే నేనే చూపించేవాడిని కదండీ" అనెను. నా కెదురుమాట రాలేదు.

ఇది కథలో సగమే. వనభోజనము జరిగిన ఆ రాత్రియే మా శాఖవారి వాట్సాపు గుంపులోనికి ఫోటోలు వెల్లువగా వచ్చినవి. అందులో సముద్రమునుండి తడిబట్టలతో లేచివచ్చుచున్న స్త్రీలు కలరు. చీర అడ్డుపట్టుకొని బట్టలు మార్చుకొనుచున్నవారును కలరు. వానిని తీసినది పరాయివారు కారు, మన పిల్లలే. గుంపులో నొక్కరైనను ఆగ్రహింపలేదు. అందరును నమస్కారపు బొమ్మలు పంపిరి. మా వీధిలోని యొక సోదరి 2025వ సంవత్సరపు కార్తికమున వనభోజనమునకు రాలేదు. కారణమడుగగా నా భార్యతో ఆమె పలికిన మాట యిది: "నేను మునిగింది పుణ్యం కోసం వదినా, అందరి ఫోన్లలో తేలడానికి కాదు."

సోదరులారా! ఒకే దినమున, ఒకే తీరమున, తప్పు చేయనివానిని కొట్టితిమి; తప్పు చేసినవారికి చేతులు జోడించితిమి. ఈ రెంటికిని మూలము మన యజ్ఞానమని తలచి, న్యాయవాదియైన నా శిష్యునొకని వద్దనుండి చట్టముల ప్రతులు తెచ్చుకొని చదివితిని. చదివి తెలిసికొన్నది విన్నవించెదను.

తీరమెవ్వరిది?

సముద్రతీరము ఏ యొక్కరి సొత్తును కాదు. గాలియు, పారునీరును, సముద్రమును, దాని యొడ్డును సర్వజనసామాన్యములని ఆరవ శతాబ్దమున రోమక చక్రవర్తి జస్టీనియను వ్రాయించిన ధర్మశాస్త్రమున కలదు. మన సర్వోన్నత న్యాయస్థానము 1996వ సంవత్సరమున బియాసు నది విషయమై తీర్పు చెప్పుచు, ఈ ప్రాచీనసూత్రమును స్మరించి, ఇట్టి ప్రకృతిసంపదలకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేయని నిర్ణయించినది. కావున తీరమున నిలిచి చూచుటకు అందరికిని అధికారము కలదు. బహిరంగస్థలమున కంటితో చూడదగినదానిని కెమేరాతో పట్టుటకును సామాన్యముగా నిషేధము లేదు. మన రాజ్యాంగము 19వ యధికరణమున భావప్రకటనస్వాతంత్ర్యమును, వృత్తిస్వాతంత్ర్యమును ఇచ్చినది. చిత్రము తీయుట ఈ రెంటికిని చెందును. అల, పడవ, వల, ఉదయభానుడు, జనసమ్మర్దము: వీనిని తీయుటకు ఛాయాచిత్రకారుడు ఎవ్వరి సెలవును పొందనక్కరలేదు. ఆ సమ్మర్దములో మన ముఖము దూరమున కానవచ్చినంతమాత్రమున అతడు నేరస్థుడు కానేరడు.

దీనికి మినహాయింపులు కలవు. దేశరక్షణకు సంబంధించిన స్థలములను చిత్రించుట 1923వ సంవత్సరపు అధికార రహస్యముల చట్టమునుబట్టి గొప్ప నేరము కావచ్చును. సూర్యలంకయందు వాయుసేనాస్థావరమును, విశాఖపట్టణమున నౌకాస్థావరమును కలవు గనుక మన తీరవాసులు ఇది మరువరాదు. ఆకాశమున నెగిరి ఫోటోలు తీయు డ్రోనులకు 2021వ సంవత్సరమున ప్రత్యేకనిబంధనలు వచ్చినవి. సినిమా చిత్రీకరణము వంటి వ్యాపారపు పనులకు స్థానికాధికారుల యనుమతి పొందవలసియుండును. ఇవి పోగా సామాన్య యాత్రికునికిని, తీరమున జీవించు ఛాయాచిత్రకారునికిని తీరము తెరచిన వాకిలియే.

ఈ కలత క్రొత్తది కాదు

పటము మనిషిని ఆమె పోనిచోటికి కొనిపోవునను భయము కెమేరాతో పుట్టినది కాదు. మాళవికాగ్నిమిత్రము నెరిగినవారికి ఈ సంగతి తెలియును. అగ్నిమిత్రుడు మాళవికను మొదట కన్నులార చూడలేదు. చిత్రశాలలో రాణి ధారిణి పరిజనము మధ్య వ్రాయబడిన రూపమును చూచెను. ఆమె యెవరని అడుగగా రాణి పలుకకున్నను, పసిపిల్లయగు వసులక్ష్మి పేరు బయటపెట్టినది. అటుపిమ్మట రాణి ఆ బాలికను రాజు కంట బడకుండ కాపాడజూచినది. పటము తన కంటె ముందుగా నడచిపోయినదని మాళవిక యెరుగదు. విద్యార్థులకు ఈ యంకము చెప్పినన్నాళ్లు నేను రాజు మనస్సునే వివరించితిని. మాళవిక ననుమతి అడిగినవారెవ్వరని ఒక్కనాడైనను ప్రశ్నింపలేదు.

కెమేరా చేతిలో నిముడునంత చిన్నదైనది 1888వ సంవత్సరమున అమెరికాలో ఈస్టుమను కోడాకు యంత్రమును అమ్మకమునకు పెట్టినప్పుడు. అంతకు పూర్వము ఫోటో కావలెనన్న కదలక కూర్చుండవలెను. కావున తీయించుకొనువాని సమ్మతి దానియంతట అదియే ఉండెడిది. కోడాకుతో ఆ సమ్మతి యక్కరలేకపోయినది. రెండేండ్లకే, 1890వ సంవత్సరమున, వారెను బ్రాండీసు అను ఇద్దరు న్యాయవాదులు మనిషికి ఏకాంతపుహక్కు ఒకటి కలదని హార్వర్డు న్యాయపత్రికలో వ్యాసము వ్రాసిరి. తత్‌క్షణచిత్రములు గృహజీవనమున చొరబడుచున్నవనుట అందలి ఫిర్యాదులలో నొకటి.

న్యూయార్కు రాష్ట్రమున నొక కన్య ఫోటోను పిండి యమ్మువారు ఆమె యెరుగకయే ఇరువదియైదువేల ప్రకటనపత్రములమీద అచ్చువేసి గోడలకంటించిరి. ఆమె న్యాయస్థానమున కెక్కినది. 1902వ సంవత్సరమున ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు, ఇట్టి హక్కు చట్టమున లేదని ఆమె వ్యాజ్యమును త్రోసివైచిరి. ప్రజలు మండిపడిరి. మరుసటియేడే, 1903లో, అనుమతి లేనిదే ఒకరి పేరునుగాని రూపమునుగాని వ్యాపారమునకు వాడరాదని ఆ రాష్ట్రశాసనసభ చట్టము చేసినది. తీయుట వేరు, వాడుకొనుట వేరు అను భేదము ఆనాటినుండి స్పష్టమైనది. నా యుపన్యాసమునకు ప్రాణము ఈ భేదమే.

మన దేశపు చట్టము

మన దేశమున సర్వోన్నత న్యాయస్థానము 2017వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠమున, ఏకాంతపుహక్కు రాజ్యాంగము 21వ యధికరణము రక్షించు ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. వీధిలోనికి వచ్చినంతమాత్రమున మనిషి ఆ హక్కును పూర్తిగా పోగొట్టుకొనడని ఆ తీర్పున కలదు. ఇంటిలోనున్నంత గాఢముగా వెలుపల లేకపోవచ్చును. కాని బొత్తిగా లేకపోదు.

శిక్షలు విధించు చట్టములు రెండు ముఖ్యములు. 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను, స్త్రీ యొకతె ఏకాంతమును ఆశింపదగినచోట నున్నప్పుడు ఆమెను పొంచి చూచుటయు, చిత్రించుటయు, ఆ చిత్రమును వ్యాపింపజేయుటయు నేరమనుచున్నది. మొదటిసారికి ఒక సంవత్సరమునకు తక్కువకాకుండ మూడు సంవత్సరములవరకు ఖైదును, జరిమానాయు కలవు. ఫోటో తీయుటకు ఆమె యొప్పుకొన్నను, పరులకు పంపుటకు ఒప్పుకొననిచో పంపుట నేరమేయనియు అందు వివరించియున్నారు. సమాచార సాంకేతిక చట్టము 66ఇ సెక్షను, స్త్రీపురుషభేదము లేక, ఒకరి శరీరపు గుప్తభాగములను సమ్మతిలేక చిత్రించుటను, పంపుటను, ప్రకటించుటను శిక్షించుచున్నది. మూడేండ్లవరకు ఖైదుగాని, రెండు లక్షల రూపాయలు మించని జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆ స్థలము బహిరంగమైనను సరియే, ఏకాంతమైనను సరియే యని ఆ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. చీర అడ్డుపట్టుకొని బట్టలు మార్చుకొనునామెను ఫోటో తీసి గుంపులో పంపిన పిల్లవాడు, ఆమె నిలిచినది బహిరంగతీరమేకదా యని తప్పించుకొనజాలడని దీనివలన గ్రహింపవలెను.

అయినను చట్టమునకు హద్దు కలదు. ఏకాంతమును ఆశింపరాని బహిరంగస్థలమున నున్న స్త్రీని ఫోటో తీయుట మాత్రమే ఈ పొంచిచూచు నేరముక్రిందికి రాదని కేరళ ఉన్నతన్యాయస్థానము 2024వ సంవత్సరమున నిర్ణయించినది. అవమానించు తలంపుతో చేసిన చేష్టలకు వేరు సెక్షనులు కలవు. కాబట్టి ప్రతి కెమేరాను నేరముగా నెంచరాదు. ప్రతి ఫోటోను నిర్దోషమనియు తలపరాదు. ఏమి తీసెను, ఎట్లు తీసెను, తీసి యేమి చేసెను అను మూడు ప్రశ్నలు అడుగనిదే తీర్పు చెప్పరాదు. నేను ఆనాడు ఒక్క ప్రశ్నయైన అడుగలేదు.

సరే, అనుమానము కలిగినప్పుడు మనమేమి చేయవలెను? మర్యాదగా అడుగవలెను. చూపుమని కోరవచ్చును, తొలగింపుమని కోరవచ్చును. అతడు మొండికెత్తినయెడల పోలీసువారికి తెలుపవలెను. నేరమునకు సంబంధించినదని అనుమానము కలిగిన వస్తువును స్వాధీనపరచుకొను నధికారము చట్టప్రకారము పోలీసు అధికారికి కలదు, సంఘసభ్యులకు లేదు. ఒకని కెమేరా లాగికొనుటయు, పగులగొట్టుటయు, వానిని కదలకుండ నిర్బంధించుటయు మనమీదికే నేరములుగా వచ్చును. వేరొక సంగతి ఆలోచింపుడు. ఆ కార్డులో నిజముగా దుష్టచిత్రములే యుండినయెడల, దానిని సముద్రములో వైచి సాక్ష్యమును నాశనము చేసినవారము మనమే. దుష్టచిత్రములు లేనియెడల ఒకని కష్టార్జితమును నాశనము చేసినవారమును మనమే. ఎటుచూచినను ఆ విసరిన చేయి ధర్మము చేయలేదు.

చిత్రమెవ్వరి సొత్తు?

ఇది మనలో పెక్కుమంది యెరుగని సంగతి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునుబట్టి ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవాడు. అల్పజీవియైనను అతడు కవివలెనే గ్రంథకర్త. 2012వ సంవత్సరపు సవరణ పిమ్మట ఆ హక్కు అతని జీవితకాలమును, అటుపై అరువది సంవత్సరములును నిలుచును. తీరమున నతడు తీసిన సూర్యోదయమును మన సంచిక ముఖపత్రముమీద అడుగకుండ అచ్చువేసినయెడల అది చౌర్యమువంటిదే. ఫోనులోనికి వచ్చినది గనుక మనదేయనుకొనుట పొరపాటు.

కాని యొక విశేషము కలదు. ఒకరు సొమ్మిచ్చి తమ ఫోటో తీయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనప్పుడు, ఆ ఫోటోపై మొదటి హక్కుదారు తీయించుకొన్నవారే. కావున తీరమున మన దంపతులను రూపాయలు తీసికొని చిత్రించిన ఫోటోకారుడు, ఆ చిత్రమును పెద్దది చేయించి తన దుకాణముమీద వ్రేలాడగట్టదలచినచో వారినడుగవలెను. చట్టము ఇటు ఛాయాచిత్రకారుని, అటు తీయించుకొన్నవారిని ఒకే త్రాసున తూచినదని గమనింపుడు.

హక్కు ముగిసినచోట మర్యాద

చట్టము చెప్పగలిగినది ఇంతమాత్రమే. తక్కినది ఔచిత్యము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే జీవితమని సిద్ధాంతము చేసెను. అలంకారమెంత గొప్పదైనను ఉండవలసినచోట లేనియెడల వికారమగునని ఆయన మతము. ఫోటోకును ఇదియే వర్తించును.

మనకు సముద్రతీరము వినోదస్థలము. బెస్తవారికి అది పని చేయు చోటు, పెక్కుమందికి ఇంటిముంగిలి. వలలు బాగుచేసికొనునదియు, చేపలెండబెట్టుకొనునదియు, పిల్లలు స్నానము చేయునదియు అక్కడనే. మన ముంగిలిలోనికి పరాయివారు వచ్చి, మన యాడువారు బియ్యము చెరుగుచుండగా మాటయైన అడుగక ఫోటో తీసి పోయినయెడల మనమూరకుందుమా? ఆనాడు మనము వారి ముంగిలిలో నిలిచి, ఆ ముంగిలి బిడ్డనే పరాయివాడని కొట్టితిమి.

గోవా పర్యాటకశాఖవారు 2023వ సంవత్సరము జనవరిలో నొక సూచన ప్రకటించిరి. సముద్రములో ఈదుచున్నవారిని, ఎండ కాగుచున్నవారిని, తదితర యాత్రికులను వారి యనుమతిలేక ఫోటోలు తీయవలదనియు, వారితో సెల్ఫీలు దిగవలదనియు దాని సారాంశము. విదేశస్త్రీలను వింతజంతువులవలె చుట్టుముట్టి ఫోటోలు తీయుట మనవారిలో పెక్కుమందికి అలవాటైనది. మన యాడుబిడ్డ విషయమున భగ్గుమను మనము పరదేశపు ఆడుబిడ్డ విషయమున నవ్వుచు నిలుచుట ఏపాటి ధర్మము?

అడిగి తీయుట వలన కళ చెడునని కొందరందురు. దీనికి మన తెలుగునాటనే సమాధానము కలదు. నిజాము ప్రభువుల ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళుగారు 1892వ సంవత్సరమున హైదరాబాదులో ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగా నొక చిత్రశాలను నెలకొల్పిరి. అందు ఫోటోలు తీయు పనిని ఒక ఆంగ్లవనిత నడిపినది. పురుషుల కంటబడని స్త్రీలు తమ యిష్టముతో వచ్చి, తమకు నచ్చినట్లు కూర్చుండి పటములు తీయించుకొని పోయిరి. మర్యాద పాటించుటచే ఆ మహాశయుని కళ తరగలేదు, కీర్తి తగ్గలేదు.

మన సంఘమువారు చేయదగినవి

ఉపన్యాసము విని యింటికి పోవుట మనకు అలవాటు. కావున కొన్ని కార్యములను మహాసభవారి యెదుట నుంచుచున్నాను.

ఒకటి: కార్తిక వనభోజనములయందు స్నానఘట్టమునకును, బట్టలు మార్చుకొను చోటునకును ఎదురుగా ఎవ్వరును ఫోటో తీయరాదని ముందుగానే ప్రకటింపవలెను. స్త్రీలకొరకు గుడారమొకటి వేయించుట సంఘపోషకులకు పెద్ద వ్యయము కాదు.

రెండు: సంఘపు వాట్సాపు గుంపులయందు, సంచికయందు ఎవరి ఫోటోనైనను వారినడిగియే ప్రకటింపవలెను. పిల్లల విషయమున తల్లిదండ్రుల నడుగవలెను. తొలగింపుమని కోరినప్పుడు కారణమడుగక తొలగింపవలెను.

మూడు: మన వివాహవేదిక పుస్తకమున కన్యల ఫోటోలు అచ్చగుచున్నవి. తండ్రి యిచ్చిన ఫోటోయైనను ఆ కన్య సమ్మతిని ఆమె సంతకముతో తీసికొనవలెను. సంబంధము కుదిరిన పిదప మరుసటి కూర్పున ఆ ఫోటో ఉండరాదు. మాళవికకు జరిగినది మన బిడ్డలకు జరుగవలదు.

నాలుగు: ఫోటో తీసినవారి పేరును ఫోటోక్రింద వేయవలెను, వృత్తిగా జీవించువారికి ప్రతిఫలమీయవలెను.

అయిదు: అనుమానము కలిగినచోట మాటతో అడుగవలెనే గాని చేయి చేసికొనరాదు. మన యువకులకు ఈ మాట పెద్దలు చెప్పవలెను. పెద్దలకు ఎవరు చెప్పవలెనో నేను నా యనుభవమున నేర్చుకొంటిని; నాకు పదునాలుగేండ్ల పిల్ల చెప్పినది.

కడపటి విన్నపము. ఆ యువకుని కెమేరా బాగుచేయించుటకైన సొమ్మును నా పింఛనునుండి ఇచ్చితిని. దానిని సంఘము నాకు తిరిగి యీయనక్కరలేదు. పోయిన నిశ్చితార్థపు చిత్రములను ఎవ్వరును తిరిగి యీయలేరు. కాని నా కేక నా యొక్కనిదైనను, దానివెంట లేచిన చేతులు నలువది. ఆనాడు ఆ చేతులకు సంఘబలమని పేరు పెట్టితిమి. పేరు సంఘముదైనప్పుడు క్షమాపణమును సంఘమే చెప్పవలెను. ఆ యువకునికి మన సంఘపు ముద్రతో, అధ్యక్షులవారి సంతకముతో క్షమాపణలేఖ యొకటి పంపవలెనని ఈ మహాసభను వేడుచున్నాను. మా వీధి సోదరికిని అట్టిదే యొకటి పోవలెను. ఈ రెండు లేఖలు పోయిననాడు సంఘబలమను మాటకు నాకు మరల గౌరవము కలుగును.



స్వస్తి.